బి షిఫ్టు దిగాక దీపాల చుట్టూ నీలి వలయాలు

పటాన్‌చెరు వైపు ఒక బల్క్ డ్రగ్ కంపెనీలో కాంట్రాక్టు మీద రియాక్టర్ ఆపరేటర్‌గా చేస్తున్న 31 ఏళ్ల పాఠకుడు, పేరు వేయవద్దంటూ పెద్ద ఉత్తరం రాశారు. నాలుగు నెలల కిందట ఆయన్ని కొత్త బ్లాకుకు మార్చారు. అక్కడ షిఫ్టుకు రెండు మూడు డ్రమ్ముల ట్రైఇథైలమీన్, ప్లాంటులో అందరూ టీఈఏ అనేది, రియాక్టర్‌లోకి ఎక్కించాలి. బి షిఫ్టు దిగి రాత్రి పది దాటాక బండి మీద ఇంటికి వస్తుంటే వీధి దీపాల చుట్టూ రంగుల వలయాలు, కళ్ల ముందు నీలం పొగ. నొప్పి లేదు, ఎరుపు లేదు. తెల్లారేసరికి అంతా మామూలు. ఎ షిఫ్టు వారంలో ఏమీ ఉండదట. అందుకే రేచీకటి అనుకుని క్యారెట్లు, చేప నూనె మాత్రలు మొదలుపెట్టారు. మెడికల్ షాపులో ఇచ్చిన చుక్కల మందు కూడా వాడుతున్నారు. షిఫ్ట్ ఇంచార్జ్‌ను అడిగితే "కొత్తలో అందరికీ అంతే, అలవాటైపోతుంది" అన్నాడట. ఈ మధ్య ఒక రాత్రి ఎదురుగా వస్తున్న లారీ ఎంత దూరంలో ఉందో అందక బండి రోడ్డు దింపేశారు. ఆలస్యంగా రావడం, కళ్లు నులుముకోవడం, ఒంటి మీద వింత వాసన చూసి భార్య తాగి వస్తున్నారని అనుమానిస్తోంది. ఇంట్లో ఎనిమిది నెలల పాప. పర్మనెంట్ చేస్తామన్న మాట ఇంకో ఆరు నెలల్లో తేలుతుంది. "చూపు పోతుందా? పోకపోతే నోరు మూసుకుని ఆరు నెలలు గడిపేయనా? మానేయనా?" అని అడిగారు.

ముందు చూపు సంగతి చెప్పుకుందాం. మీరు రాసినవి రేచీకటి లక్షణాలు కావు. టీఈఏ ఆవిరి కంటికి తగిలితే నల్లగుడ్డు మీద ఉండే పారదర్శకమైన పొర, కార్నియా, నీరు పట్టి ఉబ్బుతుంది. దాని పై వరుస కణాల్లో సన్నని నీటి బుడగలు ఏర్పడతాయి. చలికాలంలో బస్సు అద్దానికి ఆవిరి పట్టినట్టు వెలుతురు చెదిరి దీపం చుట్టూ వలయంగా, మొత్తం మీద నీలి మసకగా కనిపిస్తుంది. ఆవిరిలోకి వెళ్లిన వెంటనే కాక అరగంట నుంచి కొన్ని గంటల తర్వాత మొదలవడం, నొప్పి లేకపోవడం, రెండు కళ్లకూ రావడం, పనికి దూరమైన కొన్ని గంటల్లో తగ్గిపోవడం దీని గుర్తులు. మీ ఉత్తరంలో అన్నీ ఉన్నాయి. పోత ఇసుక అచ్చులను అమీన్ (టీఈఏ ఈ రసాయన కుటుంబానిదే) ఆవిరితో గట్టిపరిచే ఫౌండ్రీల్లోనూ, పాలీయురేథేన్ ఫోమ్ ఫ్యాక్టరీల్లోనూ పనిచేసేవారిలో ఇది దశాబ్దాలుగా తెలిసిన సమస్యే. ఆవిరి వల్ల వచ్చిన మసక సాధారణంగా మర్నాటికి పూర్తిగా పోతుంది. కాబట్టి చూపు పోతోందన్న బెంగ పెట్టుకోకండి.

మరి ఎ షిఫ్టులో ఎందుకు లేదు? ఉండే ఉంటుంది, మీకు కనిపించడం లేదు. వలయం తెలియాలంటే చుట్టూ చీకటి, మధ్యలో ఒక దీపం కావాలి. మధ్యాహ్నం రెండింటికి ఎండలో బయటికి వస్తే అదే ఉబ్బు కాస్త మసకగా, కళ్లు అలసినట్టుగా అనిపించి ఊరుకుంటుంది. అంటే రాత్రి డ్యూటీ తప్పించుకున్నంత మాత్రాన సమస్య తీరదు. ఇది విటమిన్ లోపం కాదు గనక క్యారెట్లు మంచివే గాని దీనికి మందు కావు. షిఫ్టు అయ్యాక ఇచ్చే బెల్లం, పాలు కూడా అంతే.

ఆ చుక్కల మందు మాత్రం ఈ రోజే ఆపి సీసా మీద పేరు చదవండి. షాపుల్లో ఎర్ర కళ్లకని ఇచ్చే వాటిలో కొన్నింట డెక్సామెథాసోన్ లాంటి స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. డాక్టర్ చూడకుండా నెలల తరబడి వేసుకుంటే కంట్లో ఒత్తిడి పెరిగి గ్లకోమా, అలాగే శుక్లం రావచ్చు. టీఈఏ చేయని శాశ్వత నష్టం ఆ సీసా చేయగలదు. ఇన్నాళ్లు వాడారు గనక కంటి డాక్టర్‌కు సీసా చూపించి ఒత్తిడి కొలిపించుకోండి.

"అలవాటైపోతుంది" అన్న మాటకు వద్దాం. అలవాటు పడేది ముక్కు. టీఈఏకు కుళ్లిన చేప, అమ్మోనియా కలిసిన ఘాటు వాసన. గాలిలో ఒక పీపీఎం (పది లక్షల భాగాల్లో ఒక భాగం) కన్నా తక్కువ ఉన్నా కొత్తవాడికి తెలుస్తుంది, కాసేపటికి ముక్కు మొద్దుబారి తెలియడం మానేస్తుంది. కార్నియాకు అలాంటి అలవాటు లేదు. వలంటీర్లను గదిలో కూర్చోబెట్టి చేసిన పరీక్షల్లో, ఘనపు మీటరు గాలికి సుమారు 40 మిల్లీగ్రాముల చొప్పున నాలుగు గంటలు తగిలినప్పుడు కార్నియా స్పష్టంగా ఉబ్బింది. సుమారు 6.5 మిల్లీగ్రాముల దగ్గర కూడా కొందరికి మసక వచ్చింది. 3 దగ్గర ఎవరికీ రాలేదు. టీఈఏ విషయంలో ఒక పీపీఎం అంటే దాదాపు 4.1 మిల్లీగ్రాములు. కాబట్టి మీకు వలయాలు కనిపిస్తున్నాయంటే మీ పనిచోట గాలిలో ఆవిరి ఉండాల్సినదానికన్నా ఎక్కువ ఉంది. మీ కన్నే అక్కడ మీటరైంది.

ఈ లెక్క ఇంకో చోట పనికొస్తుంది. "లిమిట్ లోపలే ఉంది" అని కంపెనీవాళ్లు అంటే ఏ లిమిట్ అని అడగండి. అమెరికా ప్రభుత్వ సంస్థ ఓషా పాత పరిమితి 25 పీపీఎం. కళ్లకు మసక తెచ్చే స్థాయి దానికి ఎంతో కింద ఉంది. అమెరికాలోనే పారిశ్రామిక ఆరోగ్య నిపుణుల సంఘం ఏసీజీఐహెచ్ సూచించేది ఎనిమిది గంటల సగటున 0.5 పీపీఎం, పదిహేను నిమిషాలకు 1 పీపీఎం. యూరప్‌లో ఇవే 2, 3 పీపీఎం. ఇరవై పీపీఎం వచ్చినా 25 చూపించి "పాస్" అనేయవచ్చు. అది మీ కంటికి పాస్ కాదు.

ఆవిరి ఎంత తేలిగ్గా లేస్తుందో చూడండి. టీఈఏ 89 డిగ్రీలకు మరుగుతుంది, మామూలు వేడికే చురుగ్గా ఆవిరవుతుంది. వంద మిల్లీలీటర్లు, అంటే ఒక టీ గ్లాసెడు, నేల మీద ఒలికి పూర్తిగా ఆవిరైతే పదిహేడున్నర లీటర్ల ఆవిరి. పది మీటర్ల పొడవు, పది వెడల్పు, అయిదు ఎత్తు ఉన్న గదిలో అది 35 పీపీఎం. డ్రమ్ము ఖాళీ అయ్యాక అందులోకి దింపిన ల్యాన్స్ పైపు పైకి లాగి, కొస నుంచి కారుతుండగానే పక్క డ్రమ్ములోకి మారుస్తారు కదా, ఆ రెండడుగుల దూరంలోనే గ్లాసెడు పడిపోతుంది. పైగా ఈ ఆవిరి గాలికన్నా మూడున్నర రెట్లు బరువు. పైన ఎగ్జాస్ట్ ఫ్యాన్ తిరుగుతున్నా ఇది నేల బారున పాకుతుంది, డ్రమ్ము మూత తిప్పడానికి వంగిన మీ మొహం సరిగ్గా అందులోనే ఉంటుంది.

ఇక మాస్కు. మీరు తెల్లటి డస్ట్ మాస్కు, మామూలు గాగుల్స్ అని రాశారు. డస్ట్ మాస్కు పొడిని ఆపుతుంది, ఆవిరిని ఆపదు. గాగుల్స్‌కు పక్కన గాలి రంధ్రాలుంటే ఆవిరి నేరుగా కంటికి చేరుతుంది. క్యాట్రిడ్జ్ ఉన్న సగం మొహం మాస్కు ఇచ్చినా ఊపిరితిత్తులు బతుకుతాయి గాని కళ్లు తెరిచే ఉంటాయి. మీకు కావాల్సింది మొహమంతా కప్పే ఫుల్ ఫేస్ మాస్కు, దానికి సేంద్రియ ఆవిర్లు, అమీన్లు రెంటికీ పనికొచ్చే ఏబీఈకే రకం క్యాట్రిడ్జ్. సీలు విప్పిన తేదీ దాని మీద రాసి, గడువు ప్రకారం మార్చాలి. వాసన వచ్చాక మారుద్దామంటే మీ ముక్కు ఇప్పటికే మొద్దుబారి ఉంటుంది. గడ్డం గీసుకుని ఉంటేనే మాస్కు మొహానికి అతుకుతుంది. చేతులకు మందపాటి నైట్రైల్ గ్లౌజులు ఉండాలి, డాక్టర్లు వాడే పల్చటివి చాలవు. ఈ ద్రవం చర్మం గుండా కూడా ఒంట్లోకి వెళ్తుంది.

అయినా మాస్కు చివరి రక్షణే. అసలు పని డ్రమ్ముకూ రియాక్టర్‌కూ మధ్య జరగాలి. రియాక్టర్ పైనున్న మ్యాన్‌హోల్ తెరిచి పోయడం మానేయాలి. డ్రమ్ముకు ఎర్తింగ్ క్లిప్ పెట్టాకే మూత విప్పాలి, ఎందుకంటే ఆవిరి గాలిలో 1.2 శాతం నుంచి 8 శాతం మధ్య ఉంటే చిన్న స్టాటిక్ నిప్పురవ్వకే అంటుకుంటుంది. తర్వాత డ్రమ్ము మూతికి బిగిసే అడాప్టర్‌తో డిప్ పైపు దింపి, గాలితో నడిచే డయాఫ్రమ్ పంపుతో మూసిన లైన్లో ఎక్కించాలి. రియాక్టర్‌లోంచి తోసుకొచ్చే ఆవిరి దాన్ని చల్లార్చే వెంట్ కండెన్సర్ గుండా, మిగిలినదాన్ని కడిగి పట్టే స్క్రబ్బర్‌కు పోవాలి. పైపు బయటికి తీసేముందు నైట్రోజన్‌తో లైను ఖాళీ చేస్తే కారడం ఉండదు. ఖాళీ డ్రమ్మును వెంటనే మూత బిగించి బయటికి పంపాలి. మూలన తెరిచి పెట్టిన ఖాళీ డ్రమ్ములే చాలా బ్లాకుల్లో రోజంతా ఆవిరి వదులుతుంటాయి.

మీ స్క్రబ్బర్‌లో ఏముందో ఒకసారి చూడండి. ఉత్తరంలో "నీళ్ల స్క్రబ్బర్" అని రాశారు. టీఈఏ దాదాపు 18.7 డిగ్రీల లోపు నీళ్లలో పూర్తిగా కలుస్తుంది, ఆపైన వేడెక్కేకొద్దీ కలవడం తగ్గుతుంది. మన ఎండాకాలంలో ట్యాంకు నీళ్లు 30 దాటి ఉంటాయి కనుక వట్టి నీళ్లు దాన్ని పట్టి ఉంచలేవు, పట్టినది కూడా మళ్లీ చిమ్నీలోంచి వదిలేస్తాయి. పలచటి సల్ఫ్యూరిక్ యాసిడ్ నింపి, పీహెచ్ 3 దాటకుండా చూసుకోవాలి. కిలో టీఈఏకు సుమారు అర కిలో యాసిడ్ ఖర్చవుతుంది. అదే వెంట్ లైన్లోకి హైడ్రోజన్ క్లోరైడ్ కూడా వస్తుంటే రెండూ కలిసి తెల్లటి ఉప్పు కట్టి లైను పూడుకుపోతుంది, ఆవిరి మీ ఫ్లోర్ మీదికే ఎదురుతన్నుతుంది. మసక ఎక్కువగా ఉన్న రోజుల్లో వెంట్ కండెన్సర్ చిల్లింగ్ ఆగిందా, లైను పూడిందా అన్నది గమనించండి.

రియాక్షన్‌లో టీఈఏ పని పుట్టిన ఆమ్లాన్ని పట్టి హైడ్రోక్లోరైడ్ ఉప్పుగా మార్చడం. ఉప్పుగా ఉన్నంతసేపూ వాసన అంతగా ఉండదు. వర్కప్‌లో, అంటే రియాక్షన్ అయ్యాక సరుకును కడిగి వేరుచేసేటప్పుడు, ఆ ఉప్పు కలిసిన నీళ్లలో కాస్టిక్ సోడా పోయగానే మళ్లీ టీఈఏ విడిపోయి లేస్తుంది. అందుకే చార్జింగ్ (రియాక్టర్‌లోకి ఎక్కించడం) లేని రోజు కూడా, వర్కప్ ఉంటే మీకు వలయాలు కనిపించవచ్చు. కింద వ్యర్థ జలాలు శుద్ధి చేసే ఎఫ్లుయెంట్ ప్లాంటులో పనిచేసేవాళ్లను అడగండి, వాళ్లకూ ఇదే ఉండవచ్చు. "టీఈఏ బదులు ఇంకో అమీన్ వాడమందామా" అన్నారు. ఎన్-మిథైల్ మార్ఫోలిన్, డైమిథైల్ ఇథైలమీన్ లాంటివీ ఇదే మసక తెస్తాయి. పైగా మందు తయారీలో ఒక ముడిసరుకు మార్చాలంటే రెగ్యులేటరీ అనుమతులు కావాలి. ఆ దారి మీ చేతిలోది కాదు.

ఇప్పుడు మీరు చేయగలిగేవి. వీటిలో ఒకటి మాత్రం వాయిదాకు లొంగదు. మసక ఉన్న రాత్రి బండి నడపకండి. ఈ ఉదంతం మొత్తంలో మీ ప్రాణానికి అసలు ముప్పు టీఈఏ కన్నా ఎదురొచ్చే ఆ లారీయే. కంపెనీ బస్సు, షేర్ ఆటో, వేరే బ్లాకులో చేసే స్నేహితుడి బండి వెనక, ఏది కుదిరితే అది. నెలకు వెయ్యి రెండు వేలు ఖర్చయినా పెట్టండి.

తర్వాత రుజువు. ఉదయం డాక్టర్ దగ్గరికి వెళ్తే కన్ను శుభ్రంగా ఉంటుంది, "ఏమీ లేదు" అని పంపేస్తారు. ఉబ్బు ఉండగానే చూపించాలి. ఎ షిఫ్టులో చార్జింగ్ ఉన్న రోజు ఎంచుకుని, రెండింటికి దిగిన వెంటనే మూడు నాలుగు లోపు కంటి డాక్టర్ ముందు కూర్చోండి. టీఈఏ ఆవిరి తగులుతోందని చెప్పి, స్లిట్ ల్యాంప్‌తో కార్నియా చూసి పాకీమెట్రీతో మందం కొలవమని అడగండి. మీ వారాంతపు సెలవు రోజు మళ్లీ కొలిపించుకుంటే తేడా కాగితం మీద ఉంటుంది. జీతంలో ఈఎస్ఐ కోత పడుతోందంటే కాంట్రాక్టు కార్మికుడైనా సనత్‌నగర్ ఈఎస్ఐ ఆస్పత్రి మీది. దానితోపాటు ఒక చిన్న పుస్తకంలో తేదీ, షిఫ్టు, ఎన్ని డ్రమ్ములు, ఏ స్టేజీ, మసక ఎన్నింటికి మొదలై ఎన్నింటికి తగ్గింది రాయండి. రెండు వారాలు చాలు. ఒక కన్నుకే వచ్చినా, నొప్పి, ఎరుపు, వాంతి ఉన్నా, తెల్లారాక కూడా తగ్గకపోయినా అది టీఈఏ కాకపోవచ్చు, వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి. ద్రవమే కంట్లో పడితే రెప్పలు విప్పి పట్టుకుని కనీసం పదిహేను నిమిషాలు ఆగకుండా నీళ్లు కొట్టి, ఆ తర్వాతే ఆస్పత్రి. క్షారం కనుక అది లోపలికి కొరుక్కుంటూ పోతుంది.

ఆరు నెలలు మౌనంగా గడపడం ఒక దారి. బండి మానేసి, సొంత డబ్బుతో మంచి మాస్కు కొనుక్కుంటే గడవవచ్చు కూడా. కాని ఆవిరి అలాగే ఉంటుంది, తెరిచిన డ్రమ్ము, ఒలికిన ద్రవం దగ్గర మంట భయమూ ఉంది. పర్మనెంట్ అయ్యాక కూడా అదే డ్రమ్ము దగ్గరే ఉంటారు.

రెండో దారి లోపలే అడగడం. మీ స్థితిలో నాకు ఇదే ముందు అనిపిస్తుంది. "నా కళ్లు పాడవుతున్నాయి" అని ఒక్కరే వెళ్తే మీరే సమస్య అవుతారు. అదే బ్లాకులో వలయాలు కనిపించే మరో ఇద్దరు ముగ్గురు తప్పక ఉంటారు, వాళ్లతో కలిసి వెళ్లండి. ఎంఎస్‌డీఎస్ (రసాయనం ప్రమాదాలు, జాగ్రత్తలు రాసి ఉండే పత్రం) కాపీ అడగండి. అందులో 8వ భాగంలో ఏ మాస్కు వాడాలో, 11వ భాగంలో ఒంటికి జరిగే హాని ఉంటాయి. "ఇందులో చెప్పిన మాస్కు ఇప్పించండి, ఖాళీ డ్రమ్ములు బయటికి పంపించండి, చార్జింగ్ టైములో గాలిలో ఆవిరిని పీఐడీ మీటర్‌తో కొలవండి" అనే మూడు చిన్న కోరికలతో సేఫ్టీ ఆఫీసర్‌కు రాసివ్వండి. ఇవి పెద్ద ఖర్చు లేనివి, కాదనడం కష్టం. రాతలో ఉండడం వల్ల ఇంచార్జ్ మాట మార్చలేడు, కాస్త మొహం మాడ్చుకోవడం మాత్రం ఉంటుంది. అడిగే హక్కు మీకుంది. 1948 ఫ్యాక్టరీల చట్టం 111-ఎ సెక్షన్ తన ఆరోగ్యానికి సంబంధించిన సమాచారం పొందే హక్కును కార్మికుడికి ఇచ్చింది, ఆ చట్టం స్థానంలో 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన 2020 వృత్తి భద్రత, ఆరోగ్య కోడ్‌లోనూ ఆ హక్కు ఉంది.

డాక్టర్ కాగితంతో కొన్నాళ్లు వేరే బ్లాకు అడగడం మూడోది. కళ్లకు వెంటనే ఉపశమనం. కాని మీ స్థానంలోకి ఇంకో కాంట్రాక్టు కుర్రాడు వస్తాడు, పర్మనెంట్ లిస్టులో మీ పేరు వెనక్కి పోయే అవకాశమూ ఉంది.

అన్నీ విఫలమైతే ఫ్యాక్టరీల శాఖకు ఫిర్యాదు. ఫిర్యాదు చేసినవారి పేరు ఇన్‌స్పెక్టర్ బయటపెట్టకూడదని పాత ఫ్యాక్టరీల చట్టం 118-ఎ సెక్షన్ చెప్పింది. అయినా చిన్న బ్లాకులో ఎవరు రాశారో ఊహించడం కష్టం కాదు, ఆ లెక్క వేసుకునే దిగండి. మానేసి ఇంకో బల్క్ డ్రగ్ కంపెనీకి వెళ్లాలనుకుంటే అక్కడ చార్జింగ్ ఎలా చేస్తారో ముందే కనుక్కోండి. టీఈఏ లేని బల్క్ డ్రగ్ ప్లాంటు దొరకడం కష్టం, మూసిన లైన్లతో ఎక్కించేవి మాత్రం ఉన్నాయి.

చివరగా ఇంటి మాట. ఈ జవాబు మీ ఆవిడకు చదివి వినిపించండి. బి షిఫ్టు రాత్రి ఇంటికి రాగానే వీధి దీపం చూపించి మీకేం కనిపిస్తోందో చెప్పండి, సెలవు రోజు రాత్రి అదే దీపం కింద నిలబడి మళ్లీ చెప్పండి. డాక్టర్ దగ్గరికి కూడా ఆమెను వెంటబెట్టుకునే వెళ్లండి. యూనిఫాం, బూట్లు ఫ్యాక్టరీ లాకర్‌లోనే వదిలి, అక్కడే స్నానం చేసి రండి. అలా కుదరని రోజు బట్టలు గుమ్మం బయటే బకెట్‌లో వేసి, మొహం, చేతులు, జుట్టు కడుక్కున్నాకే పాపను ఎత్తుకోండి. ఆమె అనుమానించిన వాసన ఆ బట్టల్లోదే.